మిరియం మెడలో తాడు

కొండ మీద ఎండకు చోటివ్వని దారి ఒకటుంది. రెండు వైపులా మద్దిచెట్లు వంగి పైన కొమ్మలు కలుపుకోవడంతో మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ మసకమసగ్గానే ఉంటుంది. పట్నం జనానికి ఆ నీడంటే మహా ఇష్టం. నీడ నడిచేవాడికి ఎంత హాయో, పొంచి ఉండేవాడికీ అంతే హాయి. ఈ సంగతి అడవిలో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ దారిన రోజూ సాయంత్రం సుభద్రమ్మ నడకకు వచ్చేది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మోకాళ్లు అరిగిపోయినా నడక మాత్రం మానదు. ఆమె చేతిలో తాడు, ఆ తాడు చివర మిరియం అనే నల్లకుక్క. చూపులకు మిరియం పులిని చీల్చేవాడిలాగే ఉంటాడు గాని, వంటింట్లో కుక్కర్ ఈల వేస్తే మంచం కిందికి దూరే రకం. అంత పిరికివాడికీ మెడలో తాడంటే నామోషీ. వీధికుక్కలు చూస్తుండగా దాంతో నడవాలంటే తల తీసేసినట్టుండేది.

సగం దారిలో, కింద లోయలో ఒక నీటి ఊట ఉంది. మనుషులు ఆ నీళ్లు తాగుతారు కాబట్టి కుక్కల్ని అక్కడికి దింపరు. పైనున్న మద్దిచెట్టు వేరుకు కట్టేసి, నాచు పట్టిన రాళ్ల మీదుగా దిగి, సీసా నింపుకుని రావడం నడకకు వచ్చేవాళ్లందరికీ అలవాటు. సుభద్రమ్మ ఆ రోజూ అలాగే తాడును వేరుకు ముడేసి, "అల్లరి చెయ్యకు" అని చెప్పి, చెట్టూ పుట్టా పట్టుకుంటూ దిగింది. ఆమె దిగి మళ్లీ ఎక్కాలంటే చాలాసేపు పడుతుంది.

ఆమె తల కనుమరుగైందో లేదో, పైన పిట్టలన్నీ ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నాయి.

తర్వాత వాసన వచ్చింది. ఆ వాసన మిరియానికి ఇదివరకు ఒక్కసారే తగిలింది. పోయినేడు వాళ్ల వీధి చివర అటవీశాఖవాళ్లు ఇనపబోను పెట్టి, అందులో మేకను తాడుతో కట్టారు. చిరుత వచ్చి మేకను లాగింది. తాడు తెగింది, ధడాలున తలుపు పడింది. చిరుత ఎలాగో బయటపడింది గాని తోక కొస మాత్రం తలుపు కింద ఉండిపోయింది. ఆ మేక అరిచిన అరుపులు మిరియానికి ఇప్పటికీ కలలో వినిపిస్తాయి. ఈ పూట కట్టేసి ఉన్నది మేక కాదు, తను.

మొరగబోతుంటే పొదలోంచి ఒక నక్క తల బయటికొచ్చింది. నక్క తోక తొక్కితే అదృష్టమంటారు గాని, నక్కే ఎదురొచ్చి కూర్చుని కబుర్లు మొదలెడితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

"అరవకు అల్లుడూ," అంది నక్క మెల్లిగా. "ఆ మలుపు అవతల చిరుతదొర ఉన్నాడు. నిన్నింకా చూడలేదు. నువ్వు నోరు తెరిచావంటే ఆవిడ ఆ మోకాళ్లతో పైకి పరిగెత్తుకొస్తుంది. దొర ముందు ఎవర్ని పడతాడో నేను చెప్పలేను."

వచ్చిన అరుపు మిరియం గొంతులోనే చచ్చింది. తన ప్రాణం మీద ఎంత తీపి ఉందో, రోజూ చేత్తో పెరుగన్నం కలిపి పెట్టే ఆ మనిషి మీదా అంత ఉంది.

"మరి ఏం చెయ్యమంటావు మామా?"

నక్క జాలిగా తాడు వంక చూసింది. అడవిలో పుట్టిన కుందేలు కూడా కష్టమొస్తే పారిపోగలదనీ, ఇంత కండ ఉన్న పిల్లాడు చావును చూస్తూ కూర్చోవలసి రావడం ఎంత దారుణమనీ కాసేపు నొచ్చుకుంది. తల వెనక్కి గుంజితే మెడపట్టీ ఊడొస్తుందని ఉపాయం చెప్పింది. మిరియం గుంజాడు. పెరుగన్నానికి మెడ లావెక్కి పట్టీ చెవుల దాకా కూడా రాలేదు.

"పోనీలే, నా పళ్లు దేనికున్నాయి?" అంటూ నక్క దగ్గరికొచ్చి, వేరు దగ్గర తాడు నోట కరుచుకుంది. "తెగగానే వెనక్కి చూడకుండా ఈ పల్లంలోకి దూకు."

నక్క పరపరా కొరుకుతుంటే మిరియానికి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ముక్కూ మొహం తెలియని తనకోసం చిరుత ముంగిట ఇంత సాహసమా అనుకున్నాడు. నక్క వినయం గురించి పెద్దలు ఊరికే సామెత కట్టారనిపించింది. తాడులో ఒక పురి తెగింది. ఇంకొకటి తెగింది.

అప్పుడు గాలి మళ్లింది.

ఇప్పుడు వాసన మలుపు వైపునుంచి రావడం లేదు, నెత్తిమీద బండవైపునుంచి వస్తోంది. మిరియం తల కదపకుండా కళ్లు మాత్రం పైకెత్తాడు. బండ మీద, ఒక్క దూకు దూరంలో చిరుత పడుకుని ఉంది. పసుపుపచ్చ కళ్లు రెండూ తిన్నగా వాడినే చూస్తున్నాయి. దాని తోకకు కొస లేదు.

భయంతో వాడి కాళ్ల కింద నేల తడిసింది. అయితే ప్రాణం మీదికి వచ్చినప్పుడు పిరికివాడికి కూడా బుర్ర పనిచేస్తుంది. దొర నిన్నింకా చూడలేదని నక్క అంది. దొర మొదట్నుంచీ చూస్తూనే ఉన్నాడు. చూసినవాడు ఎందుకు దూకలేదు? పక్కనే చిరుత ఉంటే ఈ నక్కకు ఒంటిమీద వెంట్రుకైనా లేవలేదేం? వచ్చిన దగ్గర్నుంచీ ఇది తాడు సంగతి తప్ప మరొకటి మాట్లాడిందా?

పాము కరిచినవాడికి తాడు చూసినా భయమే. కట్టేసిన మేకను ముట్టుకుని తోక పోగొట్టుకున్న చిరుత, కట్టేసిన కుక్కను మాత్రం ముట్టుకుంటుందా? తాడున్నంతసేపూ ఇదంతా బోనే అనుకుంటుంది. ఇన్నాళ్లూ నామోషీ పడ్డ ఆ తాడే ఇంతసేపూ వాడి ప్రాణం కాసింది. తీరా చూస్తే అందులో మిగిలింది ఒకే ఒక్క పురి.

మిరియం ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. కాలు కదిపితే పురి తెగుతుంది. వద్దంటే నక్క ఒక్క కొరుకుతో తెంపేస్తుంది. ఇక దాచుకోవడానికి ఏమీ లేదనుకుని, బండ మీదికి వినబడేలా గొంతు పెంచాడు.

"మామా, కాస్త ఆగు. తాడు తెగగానే ఆకుల్లో దాచిన తలుపు పడుతుందన్నావుగా. నేను ఇక్కడే ఉంటే దొరతో పాటు నేనూ లోపలే ఇరుక్కుపోతాను. ముందు నన్ను పక్కకు జరగనీ, అప్పుడు తెంపు."

నక్క కొరకడం ఆపింది. తాడు నోట్లోనే ఉంది. "ఏ తలుపురా?" అంది పళ్ల సందునుంచి.

"అదేంటి, మర్చిపోయావా? పోయినసారి తోక ఒక్కటే దక్కింది, ఈసారి దొర మొత్తంగా దక్కాలని అటవీశాఖవాళ్లు నీతో చెప్పారటగా."

బండ మీద చిరుత లేచి నిలబడింది. అది గర్జించలేదు. గర్జించి ఉంటే మిరియానికి అంత భయం వేసేది కాదేమో.

"మేకను కట్టిన పూట కూడా నువ్వే వచ్చి పిలిచావు," అంది చిరుత నక్కతో.

నిజానికి నక్కకు ఆ బోను సంగతి అప్పట్లో తెలియదు. చిరుత తిని వదిలే బొమికల కోసం అది ఎక్కడ మాంసం కనబడినా పరుగున వెళ్లి కబురు చెప్పేది, ఈ రోజు చేసిన పనీ అదే. ఆ ముక్క చెప్పుకుందామని నోరు తెరవబోయింది. తాడు పీచు పళ్లలో ఇరుక్కుంది. నోట్లో తాడు పెట్టుకుని తాడుతో నాకేం పని అంటే ఎవరు నమ్ముతారు?

"దొరా, వీడు అబద్ధమాడుతున్నాడు. అక్కడ తలుపూ లేదు, ఏమీ లేదు. కావాలంటే దిగి చూసుకో," అంది ఎలాగో పీచు ఊసేసి.

"రమ్మంటున్నావా?" అంది చిరుత.

ఆ మాట విన్నాక నక్కకు మొదటిసారి భయమంటే ఏమిటో తెలిసింది. చిరుత తాడు దరిదాపులకు రాదని ఆ అడవిలో దానికంటే బాగా తెలిసినవాళ్లు లేరు. మిరియం పక్కన నోరుమూసుకుని కూర్చుని ఉంటే బతికిపోయేది. కాని భయం తెలివిని తినేస్తుంది. అంతసేపూ మిరియానికి చెప్పిన సలహానే అది తను పాటించింది. వెనక్కి చూడకుండా పల్లంలోకి దూకింది. దాని వెనకే బండ మీంచి చిరుత దూకింది. కింద పొదల్లో ఒక కీచు అరుపు వినిపించి ఆగిపోయింది.

సుభద్రమ్మ రొప్పుతూ పైకెక్కేసరికి మిరియం ఉన్నచోటనే రాయిలా నిలబడి ఉన్నాడు. ఆమె తాడు చూసి నెత్తి కొట్టుకుంది. "ఇంత మంచి తాడును నమిలేశావట్రా? నీకింత తిక్కేంట్రా? పోయి ఎక్కడైనా చస్తే నేనేం చెయ్యాలి?" అంటూ తెగినచోట గట్టిగా ముడేసింది. ముడి బిగిసేదాకా వాడు కదలలేదు. ఆ తర్వాత ఆమె ఇంకాస్త దూరం నడుద్దామన్నా వినకుండా, ఆమెను ఇంటివైపే లాక్కుపోయాడు. దారి పొడుగునా ఆమె కాలికి ఆనుకునే నడిచాడు.

చిరుతకు ఆ పూట కడుపు నిండింది. ఏళ్ల తరబడి దొరగారి ఆకలి తీర్చే పనిలో ఉన్న నక్క, ఆ పని చివరిసారిగా తన ఒంటితోనే చేసిపెట్టింది.

నీ కట్లు విప్పుతానని వచ్చినవాడికి దణ్ణం పెట్టే ముందు, వాడు ఎవరి ఆకలి మోసుకొచ్చాడో చూసుకో.