ప్రమాణాచార్యుల తాయెత్తు పరీక్ష

ఒకానొక రాజ్యంలో అశుభం పలకడం నేరం. ఆ రాజ్యం ఎక్కడుందని మాత్రం అడక్కండి, చెబితే అక్కడివాళ్ళు నా మీదికి వస్తారు. దాన్ని ఏలే ముమ్మడి భూపతి చెడ్డవాడేం కాదు. తిండి, నిద్ర, తన మీద తనకి ప్రేమ, ఈ మూడూ పుష్కలంగా ఉన్న మనిషి, అంతే. సభలో ఎవరైనా చావనో, జబ్బనో, నష్టమనో నోరు జారితే చాలు, సింహాసనం పక్కన నిలబడ్డవాడు ఠంగున గంట కొట్టేవాడు. ఆ మాట అన్నవాడు ఎంతటివాడైనా సరే, బయటికి పోయి తలస్నానం చేసి రావాలి.

ఆ కొలువులో అందరికంటే ఎక్కువసార్లు తడిసినవాడు ఓబళయ్య.

ఓబళయ్య ఉద్యోగం వారానికోసారి సభలో దేశం కబుర్లు వినిపించడం. చిక్కేమిటంటే, విన్నది విన్నట్టు చెప్పే అలవాటు ఆయనకు లేదు. కొండపేటలో రెండు తలల దూడ పుట్టిందంటే ఎండలో పడి వెళ్ళి చూసి వచ్చాడు. "తలలు రెండే ప్రభూ. దూడలు కూడా రెండే. ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి" అని చెప్పాడు. తోకచుక్క కనబడింది కాబట్టి నువ్వులు పండవని జ్యోతిష్కులు చాటితే, "చుక్క కనబడని కిందటేడు కూడా పండలేదు ప్రభూ" అన్నాడు. గంట మోగింది. వెళ్ళి తడిసి వచ్చాడు. వీధినాటకంలో రాణి వేషగాడు నిజంగానే ఏడుస్తున్నాడని ఊరంతా విరగబడి చూస్తుంటే, వాడి పైటచెంగులో ఉల్లిపాయ ఉందని బయటపెట్టి ఆడవాళ్ళందరి చేతా తిట్లు తిన్నాడు.

అలాంటి రాజ్యానికి ప్రమాణాచార్యులు అనే పండితుడు వచ్చాడు. రుజువు లేనిదే నోరు విప్పనని ఆయన పట్టుదల. రుజువులు ఆయన దగ్గర ఎప్పుడూ ఉండేవి కాబట్టి నోరు మూసింది తక్కువ. ఆయన ఒక రాగి తాయెత్తు తెచ్చాడు. దాని మీద రాజుగారి ముఖం, మీసాలతో సహా చెక్కి ఉంది.

"ఇది కట్టుకున్నవాణ్ణి నీళ్ళేమీ చెయ్యలేవు ప్రభూ. ఏరు ఎంత పొంగినా నడిచి దాటవచ్చు. అంతా తమ ముఖ మహిమ" అన్నాడు.

తన ముఖంలో ఏదో ఉందని రాజుకి చిన్నప్పటినుంచీ అనుమానమే. వెంటనే ఒప్పుకున్నాడు.

నెల తిరక్కుండా ఊరంతా తాయెత్తులే. దండచేతికి ఒకటి, మొలతాడుకి ఒకటి. పెళ్ళికూతుళ్ళకి వెండిలో, ఎద్దులకి ఇనుములో చేయించారు. తోలుబొమ్మలాటలో హనుమంతుడు సైతం సముద్రం దాటేముందు ఆగి తాయెత్తు కట్టుకునేవాడు. జనం ఈలలు వేసేవాళ్ళు.

ఒకరోజు ఆచార్యులు సభలో తన పరీక్ష ఫలితం చదివాడు. "ప్రభూ, ఇరవై రోజులు ఏటి అవతలి గట్టున కూర్చున్నాను. తాయెత్తుతో ఏరు దాటి వచ్చిన ప్రతివాణ్ణీ ఆపి, నువ్వు మునిగిపోయావా అని అడిగాను. మూడువందల పన్నెండు మంది. ఒక్కడంటే ఒక్కడు కూడా మునిగానని చెప్పలేదు."

సభ చప్పట్లు కొట్టింది. ఓబళయ్య మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏదో తేడాగా ఉందని తోచింది గానీ, ఏమిటో వెంటనే అందలేదు.

మర్నాడు పొద్దున్నే పడవ నడిపే పోలయ్య వచ్చి ఓబళయ్య ఇంటి అరుగు దగ్గర నిలబడ్డాడు.

"అయ్యా, మా పడవలు తీసేస్తారంట గదా. మాదేముందయ్యా, ఏ కూలో నాలో చేసుకుంటాం. దాటేవాళ్ళ సంగతే నా బాధ. మంగళవారం కుమ్మరి సాంబయ్యని పడవెక్కరా అని బతిమాలాను. తాయెత్తుండగా నీ పడవెందుకురా అన్నాడు. నా కళ్ళముందే కొట్టుకుపోయాడు. వాడితో ముగ్గురయ్యారయ్యా."

"ఆచార్యులు అక్కడే ఉన్నారు కదా, చూడలేదా?"

"ఆయన అవతలి గట్టున గొడుగు కింద కూర్చున్నారు. గట్టెక్కినవాళ్ళని అడుగుతున్నారు. మధ్యలో పోయినవాడు ఆయన దగ్గరికి ఎట్టా వస్తాడు?"

సాంబయ్య చేసిన కుండలోనే ఓబళయ్య ఇంట్లో మంచినీళ్ళు తాగుతున్నారు. ఆయన పొద్దుటి స్నానం తడి ఆరని తలతోనే సభకి పరుగెత్తి, "ప్రభూ, ఏట్లో ముగ్గురు చచ్చి..." అన్నాడు. గంట మోగింది. ఆయన స్నానం చేసి వచ్చేసరికి ఆజ్ఞ రాయడం అయిపోయింది. పౌర్ణమి మర్నాడు పడవలన్నీ విప్పెయ్యాలి. ఆ చెక్కతో రాజుగారి కావ్యగానానికి కొత్త వేదిక కట్టాలి.

ఆ కావ్యం గురించి చెప్పలేదు కదూ. రాజుగారు 'ముమ్మడి దిగ్విజయం' అని పద్దెనిమిది ఆశ్వాసాల కావ్యం రాశారు. ఆయన దండెత్తిన ఊళ్ళు రెండే, మిగతాదంతా వర్ణన. ప్రతి పౌర్ణమికీ మధ్యాహ్నం గారెలు, పులిహోర, గడ్డపెరుగుతో విందు పెట్టి, ఆ వెంటనే ఒక ఆశ్వాసం చదివేవారు. భావం పొంగుతుంది కనక కళ్ళు మూసుకుని చదివేవారు. సభ కూడా కళ్ళు మూసుకునేది. చివర్న మద్దెల మీద గట్టి దెబ్బ పడేది. అందరూ ఉలిక్కిపడి లేచి "ఆహా" అనేవారు. రాజు అప్పుడు కళ్ళు తెరిచేవారు. మొదటి ఆశ్వాసం నుంచీ ఇదే వరస.

పౌర్ణమి వచ్చింది. వడ్డన అవుతుండగా ఓబళయ్య మద్దెలవాడి దగ్గరికి వెళ్ళి, "ఈ పూట నువ్వు ఇంటికి పో, నేను చూసుకుంటాను" అన్నాడు. వాడు ఆకులో గారెలు కట్టుకుని మరీ వెళ్ళాడు.

భోజనాలయ్యాక ఓబళయ్య లేచి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, ఒక మనవి. తమ కావ్యానికి జనం నిద్రపోతున్నారని ఊళ్ళో ఒక పుకారు ఉంది."

రాజు మీసం ఆడింది. "ఎవడన్నాడు?"

"నేను నమ్మలేదు ప్రభూ. పరీక్షించనిదే నేనేదీ నమ్మను కదా. ఆచార్యులవారి పద్ధతిలోనే పరీక్షించి పుకారు అణిచేద్దామని నా కోరిక. తమరు చదవడం అయ్యాక, నిద్రపోయినవాళ్ళు చెయ్యెత్తండి అని అడుగుతాను. ఎన్ని చేతులు లేస్తే అంతమంది."

"దివ్యంగా ఉంది. అడిగి లెక్కపెట్టడాన్ని మించిన ప్రమాణం లేదు" అని ఆచార్యులు తలాడించాడు. పెరుగు రెండుసార్లు వేయించుకున్న మనిషి, కొంచెం ఆయాసపడుతూనే అన్నాడు.

ఏడో ఆశ్వాసం మొదలైంది. కోట గుమ్మం వర్ణనే నలభై పద్యాలు. రాజు కళ్ళు మూసుకుని అందరినీ గుమ్మంలోనే నిలబెట్టాడు. లోపలికి వెళ్ళి, యుద్ధం గెలిచి, ఆఖరి పద్యం సాగదీసి ముగించి, మద్దెల కోసం ఆగాడు. మద్దెల మోగలేదు.

ఓబళయ్య మామూలు గొంతుతో, "నిద్రపోయినవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు. నాలుగు క్షణాలు ఆగాడు. "ఒక్క చెయ్యి కూడా లేవలేదు ప్రభూ. తమ కావ్యానికి ఎవరూ నిద్రపోలేదని రుజువైంది. తమరే కళ్ళు తెరిచి లెక్క చూసుకోవచ్చు."

రాజు చిరునవ్వుతో కళ్ళు తెరిచాడు.

సేనాపతి తలపాగా ఆయన ఒళ్ళోనే ఉంది, తల మాత్రం మంత్రి భుజం మీద ఉంది. మంత్రి స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. ముందు వరసలో ప్రమాణాచార్యులు వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి, తాళం తప్పకుండా గురక పెడుతున్నాడు. రాజు చిరునవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మరిచిపోయినట్టు.

రాజుగారిని ఇంతలా నొప్పించినవాళ్ళు ఆ రాజ్యంలో ఇంతవరకు లేరు.

రాజు నెమ్మదిగా అన్నాడు. "ఇదేం పరీక్షయ్యా ఓబళయ్యా? నిద్రపోయినవాళ్ళు చెయ్యెలా ఎత్తుతారు?"

"ఎత్తలేరు ప్రభూ. అవతలి గట్టుకి చేరనివాళ్ళు కూడా ఆచార్యులవారికి జవాబు చెప్పలేరు."

ఆ మాటలో ఒక్క అశుభం కూడా లేదు. ఉన్నా ఫరవాలేదు, గంట కొట్టేవాడు గంటనే వాటేసుకుని నిద్రపోతున్నాడు.

రాజు మొహంలో రంగు మారింది. "ఎంతమంది?"

"ముగ్గురు ప్రభూ. కుమ్మరి సాంబయ్య, గొల్లల చినపుల్లి, ఆవిడ కొడుకు. ముగ్గురి ఒంటి మీదా తమ ముఖం ఉంది."

రాజు తల వంచుకున్నాడు. ఆయన పెదవులు కదిలాయి, ముగ్గురి పేర్లూ లోలోపల అనుకుంటున్నట్టున్నాడు. తరవాత తన దండకున్న తాయెత్తు విప్పి నేల మీద పెట్టాడు.

"పడవలు ముట్టుకోవద్దని కబురు పంపించు. తాయెత్తు కట్టుకుని ఎవరూ ఏట్లో దిగకూడదని దండోరా వేయించు. ఆ ఇళ్ళకి నేనే వెళతాను. నీ కబుర్లప్పుడు ఇక గంట ఉండదు. ఈ ఆచార్యుణ్ణి పోలయ్య పడవలో కూర్చోబెట్టండి. ఇకనుంచి ఇవతలి గట్టున ఎంతమంది దిగారో కూడా లెక్కపెడతాడు."

సరిగ్గా అప్పుడు ఆచార్యులు నిద్రలోనే "ఆహా, అద్భుతం" అని పక్కకి ఒత్తిగిల్లాడు.

రాజుకి మొదట మీసం కదిలింది, తరవాత బొజ్జ కదిలింది. పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకి సభంతా ఉలిక్కిపడి లేచి, అలవాటు ప్రకారం "ఆహా" అంది. దాంతో ఆయన ఇంకా నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ ఓబళయ్య వైపు తిరిగి, "అందరూ పడుకుంటే నువ్వెలా మేలుకున్నావయ్యా? నా కవిత్వం నీ ఒక్కడికే నచ్చిందా?" అని అడిగాడు.

ఓబళయ్య నోరు తెరిచి చూపించాడు. "దవడన మిరియాలు పెట్టుకున్నాను ప్రభూ."

మర్నాడు ఓబళయ్య ఇంటికి రాజుగారి బండి వచ్చింది. అందులో పట్టుబట్టలు, ఒక కంకణం, వాటి కింద మిరియాల బస్తా ఉన్నాయి. బస్తా మూతికి కట్టిన ఆకు మీద రాజుగారి దస్తూరీతో ఒక ముక్క రాసి ఉంది. 'ఇంకా పదకొండు ఆశ్వాసాలున్నాయి.'