తెరకు వీపు

తిరుమలేశుకు ఒళ్ళు మండిపోతోంది. ఎండలు ముదరక ముందు చేరాడు. వానలు కూడా మొదలయ్యాయి. ఇంతవరకు ఎస్తేరు మేడం అతనికి నేర్పింది ఒక్కటే: నిమ్మకాయ కింద పడటం.

ఒంగోలు బస్టాండు వెనక సందులో, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు మీద, ఒక గదిలో ఉంటుంది ఆమె స్టూడియో. హైదరాబాదులో టీవీ ఛానెల్లో ఏళ్ళ తరబడి గ్రాఫిక్స్ చేసి, సొంత ఊరు చేరుకున్న మనిషి. పెళ్ళి వీడియోలో పేర్లు కదలాలన్నా, బట్టల షాపు ప్రకటనలో అక్షరాలు ఆడాలన్నా చుట్టుపక్కల వాళ్ళంతా ఆ మెట్లే ఎక్కుతారు.

ఆమె పాఠాలు చెప్పదు. ఫీజు తీసుకోదు. పని ఇస్తుంది. చేసింది చూస్తుంది. "ఇది ఎందుకు కదిలింది?" అని అడుగుతుంది. జవాబు లేకపోతే తీసేయమంటుంది. అంతే ఆమె బడి.

మొదటి రోజు అన్నం సంచిలోంచి నిమ్మకాయ తీసి బల్ల మీద వదిలింది. అది టప్పున పడి, కొంచెం ఎగిరి, దొర్లి, కీబోర్డుకు తగిలి ఆగింది.

"చూశావుగా. కంప్యూటర్లో ఇదే చెయ్యి," అంది.

తిరుమలేశు లోపల్లోపల నవ్వుకున్నాడు. ఇదీ ఒక పనేనా? సాయంత్రానికల్లా చేసి చూపించాడు.

"ఇది నిమ్మకాయా, ఊదిన బుడగా?"

మళ్ళీ చేశాడు.

"ఇప్పుడు ఇనపగుండైంది. బల్ల విరిగుద్ది."

మళ్ళీ చేశాడు. మళ్ళీ మళ్ళీ చేశాడు. నిమ్మకాయ కలలోకి రావడం మొదలుపెట్టింది. అప్పుడు కూడా మేడం అన్న మాట ఒకటే. "రంగు వచ్చింది, నిగనిగ వచ్చింది. బరువేదయ్యా?"

నిమ్మకాయకు బరువు ఎక్కడినుంచి తేవాలి? అతని ఫోన్లో ఇంటర్నెట్ నుంచి దించుకున్న పాఠాలు కిక్కిరిసి ఉన్నాయి. అద్దం భళ్ళున పగిలి అందులోంచి పేరు రావడం, పొగలోంచి బంగారు అక్షరాలు లేవడం, సూర్యుడు అక్షరం అంచు మీద జిగేల్‌మనడం. అన్నీ చూశాడు. అన్నీ సగం సగం చేశాడు. ఇంత విద్య చేతిలో పెట్టుకుని పుల్లటి కాయ చుట్టూ తిరగడమేమిటి?

దానికి తోడు ఆ కుర్చీ ఒకటి.

గదిలో రెండు కంప్యూటర్లు. ఒకటి మేడంది. రెండోదాని ముందు మంచి కుర్చీ ఉంది, చక్రాలది. అందులో మేడం హ్యాండుబ్యాగు దర్జాగా కూర్చుని ఉంటుంది. తిరుమలేశు మాత్రం పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద ఒరిగి కూర్చుని, మెడ వంకర పెట్టి పనిచేయాలి.

"మేడం, ఆ బ్యాగు మేకుకు తగిలిస్తే నేను కూర్చుంటాగా," అన్నాడు ఒకరోజు ఉండబట్టలేక.

"అది పనివాడి కుర్చీ. నువ్వింకా నేర్చుకునేవాడివి. నిన్ను పనిలో పెట్టుకున్న రోజు బ్యాగు అదే లేస్తది."

ఇంట్లో పరిస్థితి వేరు. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ యూనిట్లో సూపర్వైజరు అతని బావ. వినాయక చవితి లోపల మేడం దగ్గర పని ఖాయమైతే సరే, లేకపోతే వచ్చి రాళ్ళ పనిలో చేరమని గట్టిగా చెప్పేశాడు. రాళ్ళ పని తక్కువదని కాదు. చెమటోడ్చే ఏ పనీ తక్కువది కాదు. కానీ మనసు ఒకచోట, చేతులు ఒకచోట ఉంటే ఆ పని రాయికీ మంచిది కాదు, మనిషికీ మంచిది కాదు.

చవితి దగ్గరపడుతుండగా ఆదెమ్మ అనే ఆవిడ వచ్చింది. ఆమె భర్త ఏడుకొండలు కందుకూరు బస్సు నడిపిన ఆర్టీసీ డ్రైవరు. పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం రోజు భోజనాల దగ్గర టీవీలో వేయడానికి ఒక చిన్న వీడియో కావాలంది. చేతిసంచిలోంచి ఫొటోల కవరు తీసింది. ఫోన్లో తనే తీసిన వీడియో ముక్క ఒకటి చూపించి, మేడంకు పంపింది. బస్సు లోపల, డ్రైవరు సీటు వెనక నుంచి తీసింది. చెయ్యి వణికి బొమ్మంతా అదురుతోంది.

ఆమె వెళ్ళాక మేడం ఆ ఫొటోల కవరు తిరుమలేశు ఒళ్ళో పెట్టింది.

"ఇది నువ్వే చెయ్యి. పని నిలబడితే బ్యాగు లేస్తది."

తిరుమలేశుకు ఏనుగెక్కినంత పనైంది. నిమ్మకాయ పీడ విరగడైంది! కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఫోన్లో దాచిన విద్యలన్నీ ఒక్కసారిగా బయటికి తీశాడు. ఏడుకొండలు పెళ్ళి ఫొటో గిరగిరా తిరుగుతూ వచ్చింది. యూనిఫారం ఫొటో పైనుంచి పడి బంతిలా ఎగిరెగిరి ఆగింది. పేరులో ఒక్కో అక్షరం ఒక్కో దిక్కునుంచి దూసుకొచ్చింది. 'డ్రైవరు' అన్న మాటలో ర వత్తు, తిరునాళ్ళలో తల్లి చెయ్యి వదిలిన పిల్లాడిలా, అన్నిటికన్నా ఆలస్యంగా ఎటునుంచో వచ్చి చేరింది. బస్సు ముక్క మీద మాత్రం ప్రాణం పెట్టాడు. అదురు కనపడకుండా ఎడమ నుంచి కుడికి ఒక మెరుపు పారించాడు. అంత అందమైన మెరుపు తను ఎప్పుడూ చేయలేదు. దాన్నే పదే పదే చూసుకుని మురిసిపోయాడు.

మేడం మొదటి నుంచి చివరి దాకా చూసింది. ముఖంలో ఏమీ లేదు. ఈసారి "ఎందుకు కదిలింది?" అని కూడా అడగలేదు.

"బాగుందా మేడం?"

"నన్నడుగుతావేంది? రేపు ఆదెమ్మ గారొస్తారు. చూపించు."

మర్నాడు ఆదెమ్మ వచ్చింది. మేడం ఆమెను తెర ముందు కూర్చోబెట్టింది. తర్వాత తిరుమలేశు స్టూలు లాగి, తెర పక్కన, ఆదెమ్మ వైపు తిప్పి వేసింది.

"తెరకు వీపు పెట్టి కూర్చో."

"అదేంది మేడం? నా వీడియో నేను చూసుకోవద్దా?"

"కూర్చోవయ్యా."

పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. పెళ్ళిచూపుల్లో పిల్లవాడిలా ఎదుటి మనిషి ముఖం చూస్తూ కూర్చోవడం, ఇదెక్కడి చోద్యం! వెనక మేడం వీడియో మొదలుపెట్టింది.

ఆదెమ్మ ముఖం మీద రంగులు మారాయి. ఆమె కళ్ళు ఎడమకు పోయాయి, కుడికి పోయాయి. ఫొటో తిరుగుతున్నప్పుడు తల కూడా కొంచెం తిరిగింది. తర్వాత పెదవులు కదిలాయి. పేరు చదువుతోంది. "ఏ... డు..." ఆగిపోయాయి. పేరు వెళ్ళిపోయింది. ఆమె నోరు అలాగే కొంచెం తెరుచుకుని ఉండిపోయింది.

కాసేపటికి ముందుకు వంగింది. ఏదో రాబోతోందని తెలిసిన మనిషిలా చూసింది. కళ్ళు చిట్లించింది. చెయ్యి ఎత్తి కళ్ళకు అడ్డం పెట్టుకుంది. తర్వాత మెల్లగా వెనక్కి ఆనుకుంది.

అయిపోయింది.

"చాలా కష్టపడ్డావు బాబూ," అంది ఆదెమ్మ. "జిగేల్‌మంటా ఉంది."

ఆమె మళ్ళీ ఒకసారి తెర వైపు చూసింది.

"ఒకటి అడగనా? బస్సులో... ఎదురుగా అద్దముంటది గదా. అందులోంచి ఒక్కసారి నా వైపు చూసి నవ్వుతాడు. అది నీకు దొరకలేదా?"

దొరికింది. అది ఉండాల్సిన చోటే ఉంది. సరిగ్గా దాని మీదనే అతని మెరుపు పారింది.

"ఉందమ్మా," అన్నాడు.

"ఉందా? అయితే నా కళ్ళకే ఆనలేదేమోలే. పొద్దుట్నుంచి మసకగానే ఉన్నాయి." ఆమె సంచి తీసుకుని లేచింది. తప్పు తనదే అన్నట్టు మెట్లు దిగి వెళ్ళింది.

ఆమె చెప్పుల చప్పుడు సందులో కలిసిపోయాక తిరుమలేశు లేచి నిలబడ్డాడు. కోపం ఎవరి మీదో తెలియలేదు. దగ్గరున్నది మేడం కాబట్టి మేడం మీద పడింది.

"నిన్న మీరు చూశారుగా! అప్పుడే చెప్పొచ్చుగా మేడం! ఆమె ముందు నా పరువు..."

"నీ పరువా?" అంది మేడం. అతని వైపు చూడలేదు. సంచిలోంచి నిమ్మకాయ తీసి బల్ల మీద వదిలింది. టప్పున పడి, కొంచెం ఎగిరి, దొర్లి, కీబోర్డుకు తగిలి ఆగింది. తర్వాత ఆమె దాన్ని కోసి మజ్జిగలో పిండుకుని, తన పని తను చూసుకుంది.

తిరుమలేశు స్టూలు మీద కూర్చుని తీసేయడం మొదలుపెట్టాడు. ముందు పొగ పోయింది. తర్వాత అద్దం పగలడం. తర్వాత బంగారు పూత. ఒక్కొక్కటి తీసేటప్పుడు ఒంటి మీది నగ ఊడదీస్తున్నట్టు ప్రాణం గిలగిల్లాడింది. మెరుపు దగ్గర చాలాసేపు ఆగాడు. నొక్కాడు. పోయింది.

చివరికి తెర మీద ఫొటోలు, పేరు, అదిరే బస్సు ముక్క మిగిలాయి. ఇందులో నేను చేసిందేముంది, దీనికి నేనెందుకు అనుకున్నాడు. తల బల్లకేసి కొట్టుకోవాలనిపించింది. బావ మాటే నయమనిపించింది.

అప్పుడు యూనిఫారం ఫొటో ఇంకా బంతిలా ఎగురుతుండటం కళ్ళబడింది. దాన్ని ఆపాడు. గోడకు పటం తగిలించేవాళ్ళు ఎలా తగిలిస్తారు? మేకు దొరికేదాకా కొంచెం తడుముకుంటారు, దొరికాక బరువు వదులుతారు. పటం ఒక్క పిసరు కిందికి జారి నిలుస్తుంది. అలా చేశాడు. కుదరలేదు. మళ్ళీ చేశాడు.

పేరును కిందినుంచి లేపాడు, మాట మొత్తం ఒక్కటిగా. పెదవులతో చదువుకున్నాడు, మెల్లగా, ఆదెమ్మ చదివినట్టు. చదవడం పూర్తయ్యాక కూడా పేరును కాసేపు ఉంచాడు.

బస్సు ముక్క దగ్గర మాత్రం నిజంగా చెమట పట్టింది. అదురు తగ్గించే పద్ధతి సాఫ్ట్‌వేర్‌లో ఉంది. దాన్ని పూర్తిగా వాడితే బస్సు నిలిచిపోయి గదిలా కనపడుతోంది. కొంచెం వాడితే అద్దంలో ముఖం ఆనడం లేదు. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. మధ్యలో కంప్యూటర్ రెండుసార్లు బిగుసుకుపోయింది. "ఛీ, వెధవ బతుకు," అన్నాడు పైకే.

"తిట్టింది కంప్యూటరునా, నిన్నా?" అంది మేడం పక్కనుంచి.

తిరుమలేశు మళ్ళీ తెర మీదికి వంగాడు. బస్సు అదరాలి, అద్దం మాత్రం నిలబడాలి. ఎట్టకేలకు అద్దం నిలబడింది. ఏడుకొండలు అందులోంచి కళ్ళెత్తి చూసే చోట కదలికను ఒక్క రవ్వ నెమ్మది చేశాడు. నెమ్మది చేసినట్టు తెలిసిందనిపించి, అందులో సగం తగ్గించాడు.

సంవత్సరీకం ముందు రోజు ఆదెమ్మ మళ్ళీ వచ్చింది. మేడం వీడియో పెట్టడానికి లేచింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే తిరుమలేశు స్టూలు తీసుకెళ్ళి తెర పక్కన వేసి, ఆదెమ్మ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆమె ముఖం మీద తెర వెలుగు పడింది. కళ్ళు ఎటూ పరుగెత్తలేదు. పెదవులు కదిలాయి. ఏ... డు... కొం... డ... లు. చివరి దాకా వెళ్ళాయి. మూసుకున్నాయి.

ఒక్కొక్క ఫొటోకు ఆమె తల చిన్నగా ఊగుతోంది, తెలిసినవాళ్ళు వరసగా పలకరిస్తున్నట్టు.

తర్వాత గడ్డం కొంచెం పైకి లేచింది. అద్దం వచ్చిందని తిరుమలేశుకు తెలిసింది.

ఆదెమ్మ చెయ్యి తనంతట తనే లేచింది. చెదిరిన జుట్టు చెవి వెనక్కి సర్దుకుంది. జారిన చెంగు భుజం మీదికి లాక్కుంది. ఎవరో తనను చూస్తున్నప్పుడు సర్దుకున్నట్టు. అప్పుడు నవ్వింది.

అయిపోయాక కూడా ఆమె తెర వైపే చూస్తోంది. వీడియో గురించి ఒక్క మాట అనలేదు.

"ఆరోజు అన్నం క్యారేజీ ఇద్దామని బస్సెక్కా," అంది. ఎవరితో అంటోందో తెలియదు. "'డూటీలో ఉన్నా, దిగవే' అన్నాడు. అని మళ్ళీ అద్దంలోంచి చూసి నవ్వుతాడు. దొంగమొహం!"

కళ్ళు తుడుచుకుని, పెన్‌డ్రైవ్ సంచిలో భద్రంగా వేసుకుని వెళ్ళిపోయింది. తిరుమలేశు వైపు చూసిందో లేదో కూడా అతనికి తెలియలేదు.

గదిలో ఫ్యాను చప్పుడు మిగిలింది. తిరుమలేశు ఇంకా ఆదెమ్మ లేచి వెళ్ళిన ఖాళీ కుర్చీ వైపే చూస్తున్నాడు.

"ఎట్టా వచ్చిందయ్యా నీ వీడియో?" అంది మేడం.

"చూడలేదు మేడం."

ఎస్తేరు మేడం లేచి హ్యాండుబ్యాగు తీసి మేకుకు తగిలించింది.