చరణం చేరని పాట

హజ్రత్ నూరుల్లా షా అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. శిష్యుడు ఖలీల్ ఒకరోజు, "పన్నెండేళ్లుగా మీ వెనక కూర్చుని వంత పాడుతున్నాను హజ్రత్. ముందు కూర్చుని పాడే అర్హత నాకెప్పుడొస్తుంది?" అని అడిగాడు. ఆయన గడ్డం నిమురుకుని, గురువారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక నువ్వే పాడు, చూద్దాం అన్నారు.

ఖలీల్ కాళ్లు నేల మీద నిలవలేదు. ఒక చరణం కోసం మూడు నెలలుగా గొంతు అరగదీసుకుంటున్నాడు మరి. పల్లవి అతని దృష్టిలో గుమ్మం మాత్రమే, ఇల్లంతా చరణంలోనే ఉంది.

గురువారం దర్గా పక్క గదిలో పదిమందే కూర్చున్నారు. సాంబ్రాణి పొగలోకి సాయంత్రపు ఎండ దిగి, ఎవరిని చూసినా కలలో మనిషిలా ఉన్నారు. డోలక్ మెల్లగా నడిచింది. "వాకిలి తీసే ఉంది, నేనే రాలేదు" అని ఖలీల్ పల్లవి ఎత్తుకున్నాడో లేదో, గోడకానుకున్న ముసలి దూదేకుల పకీరప్ప లేచి నిలబడ్డాడు. కళ్లు మూసుకుని, చెంపలు తడుస్తుండగా ఊగసాగాడు. అతనితోపాటు అందరూ లేచారు. అక్కడొక మర్యాద ఉంది. ఏ మాట దగ్గర మనిషి ఒళ్లు మరిచి లేస్తాడో, అతను తిరిగి కూర్చునేదాకా పాడేవాడు ఆ మాట దాటకూడదు.

ఖలీల్ పదిసార్లు పాడాడు. ఇరవైసార్లు పాడాడు. ముసలాయన కూర్చుంటేగా! చరణం నాలుక చివర ఉంది, ఎండేమో కిటికీ దిగిపోతోంది. ఇక ఆగలేక చరణంలోకి దూకేశాడు.

పకీరప్ప ఊగడం ఆగిపోయింది. సంతలో అమ్మ చెయ్యి జారిన పిల్లాడిలా రెండు చేతులతో గాలిలో తడుముకున్నాడు. అది చూసి ఖలీల్, ఎంత పని చేశానని గబగబా పల్లవికి తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పాడాడో అతనికే తెలియదు. గమకాలు పోయాయి, సొగసు పోయింది, చివరికి గొంతు కూడా పోయి ఊపిరే మిగిలింది. అప్పుడు పకీరప్ప కళ్లు తెరిచి, నెమ్మదిగా కూర్చుని, మంచినీళ్లు అడిగాడు.

అందరూ వెళ్లాక ఖలీల్ గురువు ముందు తలవంచుకుని నిలబడ్డాడు. మర్యాద తప్పానని, చరణమైతే పాడనే లేదని ఒప్పుకున్నాడు. పన్నెండేళ్ల ఆశ అడుగంటిందనే అనుకున్నాడు.

"ఆఖర్న నా గొంతు నాకే వినబడలేదు హజ్రత్," అన్నాడు బొంగురుగా.

"నాకూ వినబడలేదు," అన్నారు హజ్రత్. "వచ్చే గురువారం కూడా నువ్వే ముందు కూర్చో."