చింతపిక్క అరికాలు

అనగనగా ఎండాకాలంలో ఒక అడవి. ఇప్పపూలు రాలే రోజులవి. పూలు ఏరుకునే మనుషులు చెట్ల కింద ఎండుటాకులు కాల్చి, నేల శుభ్రం చేసుకుని వెళ్ళారు. పైకి బూడిద చల్లారినట్టే ఉంది. దాని కింద నిప్పు ఉంది.

చింతపిక్క అనే ఎలుగు పిల్ల పూల వాసనకి పరుగెత్తి, ఆ బూడిదలో కాలు పెట్టాడు. కెవ్వుమన్నాడు. కుంటుకుంటూ వెళ్ళి పక్కనున్న వాగులో కాలు ముంచాడు.

"అమ్మా, ఇక్కడ హాయిగా ఉంది," అన్నాడు.

తల్లి ఎలుగు ఊపిరి పీల్చుకుంది. అంతలో ఒడ్డు మీంచి నక్క అరిచింది.

"వదినా, వాణ్ణి బయటికి లాగు. కాలినచోట నీళ్ళు తగిలితే బొబ్బలెక్కుతుంది. మా ముత్తవ్వ నాటి మాట ఇది."

తల్లి భయపడి లాగేసింది. మంట మళ్ళీ మొదలైంది. వాడి ఏడుపు విని అడవంతా వచ్చింది. వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? సభ పెట్టారు.

"మన మట్టే మన మందు," అంది అడవిపంది. బురద తెచ్చి పూసింది. పిక్క ఏడ్చాడు.

"పాతది పోవాలి, కొత్తది రావాలి," అంది కోతి. మనుషులు మరిచిపోయిన పళ్ళపేస్టు పిండి, బురద మీద మెత్తింది. పిక్క ఇంకా ఏడ్చాడు.

"ఏడుస్తున్నాడంటే మందు పనిచేస్తున్నట్టే," అంది నక్క. "పోరాడకుండా ఏదీ రాదు. ఇప్పుడు ఉప్పు రాద్దాం."

"ఉప్పా? పసుపు కాదూ?"

"ముందు ఈ సభకి అధ్యక్షులెవరో తేల్చండి."

తల్లికి ఎవరి మొహం చూడాలో తెలియలేదు. అందరూ పెద్దవాళ్ళే. అందరూ గట్టిగానే చెబుతున్నారు. ఏది నిజం? బాధితుడి పక్షమని అరిచే గొంతులు ఎన్నో ఉన్నాయి. అందులో బాధితుడి గొంతు లేదు. ఎవరికి కాలిందో వాణ్ణి ఒక్కరూ అడగలేదు.

చివరికి తల్లే అడిగింది. "నీకు ఎక్కడ హాయిగా ఉందిరా నాన్నా?"

"వాగులో. ఇందాకే చెప్పాగా."

తల్లి వాణ్ణి ఎత్తుకుని వాగులోకి దిగింది. బురద, పేస్టు మెల్లగా కడిగింది. మంట తగ్గేదాకా చాలాసేపు పారే నీళ్ళలోనే కాలు ఉంచింది.

"నీ పిల్ల, నీ ఖర్మ," అంది నక్క.

మర్నాడు అరికాలి మీద చిన్న బొబ్బ లేచింది. నక్క అడవిలో అందరినీ పిలుచుకొచ్చింది.

"నేను చెప్పలా? నీళ్ళ వల్లే. ఇదిగో ముల్లు, పొడిచెయ్యి."

పిల్లలూ, ఆ బొబ్బ వచ్చింది నిప్పు వల్ల, నీళ్ళ వల్ల కాదు. కానీ ఆ మాట తల్లికి చెప్పేవాళ్ళు అక్కడ లేరు. తాను తప్పు చేసిందేమోనని ఆమె మళ్ళీ తికమకపడింది. ముల్లు కేసి చూసింది. పిల్లవాడి కేసి చూసింది.

"నొప్పిగా ఉందా?"

"ఎవరూ ముట్టుకోకపోతే లేదమ్మా."

"అయితే ఎవరూ ముట్టుకోరు," అంది తల్లి. పిల్లవాడికీ సభకీ మధ్య అడ్డంగా కూర్చుంది.

నీతి: కాలినచోట ముందు చల్లటి నీళ్ళు ధారగా పొయ్యాలి, దొరికిందల్లా పుయ్యకూడదు, బొబ్బ చిదమకూడదు, సలహా ఇచ్చేవాడి గొంతు కన్నా బాధపడేవాడి మాట ముందు వినాలి.