బీరపువ్వు పొద్దువాలాకే ఎందుకు పూస్తుంది

ఒకప్పుడు, బీరపాదులు కూడా అందరిలాగే తెల్లవారుతూనే పూసే కాలంలో, ఏటిగట్టు మీద ఒక బీరపాదుకి అన్యాయం జరిగింది. జరిగింది ఉత్తర కార్తెలో. చేసినవాళ్లు ఎవరూ చేశామని ఒప్పుకోలేదు. అన్యాయం చేసేవాళ్లకి ఆ అలవాటు ఎప్పుడూ లేదు.

ఆ గట్టు మీద ఊరి ఆడవాళ్లు తలా ఒక మడి పంచుకుని కూరగాయలు పెంచుకునేవారు. మడి చాలనివాళ్లు పగిలిన కుండల్లో, అడుగూడిన బిందెల్లో మట్టి పోసి మొక్కలు పెట్టేవారు. గవరమ్మ మడి ఆ చివరది. అందులో గుమ్మడి నేలంతా నాదే అన్నట్టు పాకింది. కాకర కంచెకి అల్లుకుంది. బెండ నిటారుగా నిలబడింది. కుండలో టమాటా కర్రకి ఆనుకుని నిలబడ్డాడు. చిన్న పందిరి మీద బీర పాకింది.

బీరకి ఆకులు బాగున్నాయి. తీగ బాగుంది. రోజూ పూసేది. పువ్వు వెనక వేలెడు పిందె కూడా కనిపించేది. కానీ రెండు రోజులు తిరక్కుండానే ఆ పిందె పసుపెక్కి రాలిపోయేది. తేనెటీగ వచ్చి ఈ పువ్వులో పుప్పొడి ఆ పువ్వుకి చేరిస్తేనే కదా పిందె నిలిచేది. తేనెటీగేమో బీర వైపు రాదు.

తెల్లారేసరికి తేనెటీగలన్నీ గుమ్మడి పువ్వులో దూరేవి. పళ్లెమంత పువ్వు. అందులో పడి పొర్లి, ఒళ్లంతా పుప్పొడి పూసుకుని, పొట్ట పట్టనంత తాగేవి. బయటికొచ్చి కాకర మీద ఒక తిరుగుడు తిరిగి, బెండ మీద కాసేపు కూర్చుని, ఇంటికి పోయేవి. బీర వంతు వచ్చేసరికి ఎండెక్కేది. రేకులు వాడిపోయేవి.

"గుమ్మడక్కా, నీ దగ్గరికి వచ్చేవాళ్లలో ఒక్కరిని ఇటు పంపవా?" అని అడిగింది బీర ఒకరోజు.

"నేనేమైనా వద్దన్నానా అమ్మా? వాళ్లే వస్తారు, వాళ్లే కూర్చుంటారు. మిగిలితే పంపిస్తాలే."

"ఇప్పటిదాకా ఎవరైనా మిగిలారా?"

"ఇప్పటిదాకా అయితే లేదు," అంది గుమ్మడి నిదానంగా.

పక్క కుండలోంచి టమాటా నవ్వాడు. ఆ గట్టు మీదకి అందరికన్నా వెనక వచ్చినవాడు వాడే. నోరు మాత్రం అందరికన్నా ముందుండేది.

"మాకీ బాధ లేదు బీరక్కా. మా పువ్వుకి మా పుప్పొడే చాలు. గాలి వచ్చి ఒక్కసారి కుదిపితే కాయే."

"కుదిపితే పడేదీ నువ్వే. ఆ కర్ర తీసేస్తే తెలుస్తుంది నీ గొప్ప," అంది బీర.

అలా రోజులు గడుస్తుండగా ఒకనాడు గవరమ్మ వచ్చి బీర ఆకులు ఎత్తి ఎత్తి చూసింది. కింద రాలిన పిందెలు చూసింది. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు పెద్దలు. ఉత్తర కార్తె వెళ్లేలోగా ఒక్క పిందె నిలబడకపోతే నిన్ను వేళ్లతో పీకేసి, ఇక్కడ టమాటా నారు పెడతాను."

బీర నులితీగలన్నీ ఒక్కసారి పందిరిని బిగించి పట్టుకున్నాయి. టమాటా నారు అప్పటికే పాత బిందెలో సిద్ధంగా ఉంది. జానెడు ఎత్తు లేని మొక్కలు, మెడలు చాపి బీర పాదు కేసి చూస్తున్నాయి.

"బీరక్కా, నీ పాదు లోతెంత?" అని అడిగాడు టమాటా.

"ఎందుకు?"

"ఏం లేదు. పిల్లలు అడుగుతున్నారు."

బీర ఏడవలేదు. ఏడిస్తే వేరు కుళ్లిపోతుందని వాళ్లమ్మ చెప్పింది. తలెత్తి సూర్యుడికి మొరపెట్టుకుంది.

"స్వామీ, నా వంతు తేనెటీగలు నాకు ఇప్పించండి. లేకపోతే నన్ను పీకేస్తారు."

"వెలుగివ్వడం వరకే నా పని," అన్నాడు సూర్యుడు. "ఈగల్ని పంచడం నా పని కాదు. కావాలంటే ఇంకాస్త ముందు లేచి చూడు."

పెద్దవాళ్ల సలహాలు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి. లేవాల్సింది మనమే.

బీర ముందు లేచింది. గుమ్మడి ఇంకా ముందు లేచింది. మర్నాడు బీర కోడి కూసే వేళకి లేచింది. గుమ్మడి అప్పటికే లేచి కోడిని లేపుతోంది. ఇలా పోటీ పడి పడి బీరకి కళ్లు కూరుకుపోయాయి. ఎప్పుడు నిద్రపోవాలో, ఎప్పుడు మేలుకోవాలో తెలియని స్థితికి వచ్చింది. ఉత్తర కార్తె కొంచెమే మిగిలింది.

ఆ గట్టు మీద ఒక కట్టుబాటు ఉంది. ఎవరి దగ్గర గింజ తెచ్చుకుంటే వాళ్లకి తొలికాయ పెట్టాలి. ఈ బీరగింజ గవరమ్మకి ఇచ్చింది ఏటి అవతలి ఊళ్లో ఉన్న ఆడపడుచు పైడమ్మ. గవరమ్మ మొగుడికి అక్క. ఒకరోజు తెల్లవారకముందే తొలి పడవ ఎక్కి పైడమ్మ బయలుదేరిపోయింది, తొలికాయ తినడానికి.

మసక వెలుతురులో పడవ దిగుతున్న ఆడపడుచుని గవరమ్మ గట్టు మీంచి చూసింది. కాయ లేదని తెలిస్తే, గింజ మంచిదే గాని పెంచిన చెయ్యి మంచిది కాదని ఏటికి రెండు వైపులా చాటుతుంది. గవరమ్మ పరుగున వెళ్లి, ఆరేసిన పాత చీర లాగి, పందిరి మీద కప్పి, నాలుగు వైపులా కింద దాకా దించి కట్టేసింది.

లోపల బీరకి ఏమీ కనిపించలేదు. "ఇంకా తెల్లారలేదన్నమాట," అనుకుంది. విచ్చబోయిన మొగ్గలన్నీ ముడుచుకుని హాయిగా పడుకుంది.

"ఏటే గవరమ్మా, పందిరికి చీర కట్టావు?" అంది పైడమ్మ వస్తూనే.

"దిష్టి వదినా. దారినపోయే ప్రతివాళ్లూ చూపు తిప్పుకోలేకపోతున్నారు."

"అంత కాసిందా?"

"నీ గింజ కదా."

"మరైతే తియ్యి, కళ్లారా చూసుకుంటాను."

"ప్రయాణం చేసి వచ్చావు. ముందు కాస్త అన్నం తిను వదినా."

పైడమ్మ అన్నం తింది. ఆకూ వక్కా వేసుకుంది. రెండు ఊళ్ల సంగతులు చెప్పింది. కునుకు తీసింది. గవరమ్మ అరుగు మీద కూర్చుని పొద్దు ఎప్పుడు వాలుతుందా, ఈవిడ ఎప్పుడు కదులుతుందా అని ఎదురుచూసింది.

"ఆఖరి పడవ వెళ్లిపోతుంది వదినా," అంది చివరికి.

"వెళ్తే వెళ్లనీ. చూడందే నేను కదల్ను," అని పైడమ్మ గట్టు మీదకి నడిచి, చీర కొంగు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

బీర కళ్లు తెరిచింది. వెలుగు ఏటవాలుగా, మెత్తగా పడుతోంది. చల్లగాలి వీస్తోంది. పిట్టలు గోల చేస్తున్నాయి. పక్కకి చూస్తే గుమ్మడి పువ్వు ముడుచుకునే ఉంది. కాకర పువ్వు లేదు. బెండ పువ్వు చుట్టుకుపోయింది.

"ఈరోజు అందరికన్నా ముందు లేచింది నేనే," అనుకుంది బీర. వెలుగు ఏ దిక్కునుంచి వస్తోందో చూసుకోలేదు. నిద్రలేచీ లేవగానే దిక్కులు చూసేదెవరు? సంతోషం పట్టలేక మొగ్గలన్నీ ఒకేసారి విచ్చేసింది. పందిరంతా పసుపు ఆరబోసినట్టయింది.

"ఒసే పిచ్చిదానా, పొద్దుగూకుతోందే," అంది బెండ.

ముడుచుకున్న మూతిలోంచే గుమ్మడి కిసుక్కుమంది. టమాటా నవ్విన నవ్వుకి వాడి ఊతకర్ర ఒక పక్కకి ఒరిగింది. బీర సిగ్గుతో మూసుకోబోయింది. కానీ విచ్చిన పువ్వు మళ్లీ మొగ్గ కాదు.

అప్పుడు ఒక తేనెటీగ అటుగా ఎగురుతూ వచ్చి ఆగింది.

"ఏవమ్మా, ఇంకా తీసే ఉందా?"

"ఏది?"

"నీ పువ్వే. పొద్దున్న గుమ్మడి దగ్గర తొక్కిసలాటలో రెక్క నలిగింది గాని నాకు చుక్క దక్కలేదు. తిరిగి తిరిగి వస్తున్నాను. ఉత్త కాళ్లతో వెళ్తే గూటి దగ్గర కాపలావాళ్లు పరువు తీస్తారు."

"రా, కూర్చో," అంది బీర.

తేనెటీగ కూర్చుంది. ఈ పువ్వు మీంచి ఆ పువ్వు మీదకి, ఆ పువ్వు మీంచి ఇంకో పువ్వు మీదకి తిరిగింది. రెండు కాళ్లకీ పుప్పొడి మూటలు కట్టుకుని వెళ్లి గూట్లో చెప్పింది. కాసేపటికి పందిరి చుట్టూ ఝుమ్మని ఒకటే సందడి. ఏటిగట్టు మీద ఆ వేళకి తెరిచిన పువ్వు ఇంకొకటి లేదు మరి.

కింద వదినా మరదళ్లకి అవేమీ పట్టలేదు.

"కాయ ఏదే?" అంది పైడమ్మ. "పొద్దువాలాక పూస్తోందే ఇది? నీ దగ్గర పెరిగింది కదా, నీలాగే మధ్యాహ్నం దాకా పడుకున్నట్టుంది."

"గింజ నీది వదినా. పుట్టింటి బుద్ధులు ఎక్కడికి పోతాయి?"

ఆ మాటల్లో ఆఖరి పడవ వెళ్లిపోయింది. మర్నాడు ఏట్లో నీళ్లు పెరిగి పడవే రాలేదు. పైడమ్మ ఉండిపోయింది.

ఉత్తర కార్తె ఆఖరి రోజున గవరమ్మ గునపం పట్టుకుని వచ్చింది. వెనకే, ఎలా పీకుతుందో చూద్దామని పైడమ్మ. నారు మెడలు ఇంకా పొడుగు చాచింది. గవరమ్మ ఆకు ఎత్తింది. పిందె పచ్చగా, గీతలు తేలి, గట్టిగా వేలాడుతోంది. ఇంకో ఆకు ఎత్తింది. అక్కడ మరొకటి. గవరమ్మ గునపం మెల్లగా వెనక్కి దాచుకుంది.

"చెప్పానా వదినా, దిష్టి అని?"

"తొలికాయ తిని గానీ వెళ్లను," అంది పైడమ్మ. అన్నట్టే ఉంది. అది గవరమ్మకి పడ్డ శిక్ష.

"టమాటా తమ్ముడూ," అంది బీర పందిరి మీంచి. "పాదు మోకాటి లోతు. పిల్లలతో చెప్పు."

టమాటా వినిపించనట్టు కర్రకి ఆనుకున్నాడు.

బీర ఆనాటి నుంచి రోజూ పొద్దువాలాకే పూస్తుంటే గుమ్మడికి కొత్త కష్టం వచ్చింది. సాయంత్రం కడుపునిండా తాగిన తేనెటీగలు పొద్దున్నే లేవడం మానేశాయి. "చెల్లీ, రేపటినుంచి పొద్దున్నే పూయవే," అని బతిమాలింది. "నీ వంతు వాళ్లని నేనే దగ్గరుండి పంపిస్తాను."

"ఎవరైనా మిగిలితే పంపుతావు, నాకు తెలుసు," అంది బీర.

గుమ్మడి సూర్యుడి దగ్గరికి పోయింది. సూర్యుడు వంగి బీరని మందలించాడు. "పూలన్నీ పొద్దున్నే పూయాలి. అదీ పద్ధతి."

"వెలుగివ్వడం వరకే మీ పని స్వామీ," అంది బీర.

సూర్యుడు ఎర్రబడ్డ మొహంతో కొండ వెనక్కి దిగిపోయాడు. అతను దిగుతూ ఉండగానే, చూస్తూ ఉండగానే, బీర తన మొగ్గలు ఒక్కొక్కటీ తీరిగ్గా విప్పుకుంది.

అప్పటినుంచే గుమ్మడి, కాకర, బెండ తెల్లవారుతూనే పూసి ఎండెక్కాక ముడుచుకుపోతుంటే, బీర మాత్రం పొద్దువాలాకే విచ్చుకుంటుంది. ముసురు పట్టి వేళ తెలియని రోజున ఆడవాళ్లు బీరపందిరి కేసి చూసి, "పూలు విచ్చాయి, ఇక పొయ్యి వెలిగించండే," అనుకుంటారు. పొద్దు సంగతి సూర్యుణ్ని అడగరు.