కదలని గుర్రం, తోడు పెళ్ళికొడుకు

"ఒరే చిదంబరం! గట్టిగా పట్టుకోరా, ఇదిగో ఇప్పుడు బయల్దేరుతుంది!"

పొద్దుట్నుంచీ సోమలింగంగారిది ఇదే కేక. చిదంబరం పొట్టి గుర్రమ్మీద జూలు పట్టుకుని కూర్చున్నాడు. గుర్రం మాత్రం తాటిదుంగలా నిలబడింది.

సోమలింగంగారి ఇంట్లో తెలివికి లోటు లేదు. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనరు గనక వాళ్ళే అనుకుంటారు. "పెద్దలు చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళం మేం. అర్థాలు వెతుక్కుంటూ కూర్చునేది తెలివిలేనివాళ్ళు" అంటాడాయన మీసం దువ్వుకుంటూ.

ఆ సాయంత్రం ఆయన తమ్ముడి కొడుకు పురుషోత్తానికి పెళ్ళి. పెళ్ళికూతురు కమలాక్షి నాయనమ్మ గట్టి మనిషి. "తోడు పెళ్ళికొడుకు గుర్రమెక్కి రావాలి. లేకపోతే మీరెవరూ మా గుమ్మం తొక్కొద్దు" అని కబురంపింది. ఆ తోడు పెళ్ళికొడుకే చిదంబరం, పురుషోత్తం అక్క మాచమ్మ కొడుకు.

గుర్రం ఎందుకు కదలట్లేదో ఆ ఇంట్లో ఒక్కడికే తెలుసు. వాడు పురుషోత్తం.

నిన్న గుర్రాన్ని తెచ్చిచ్చిన గౌస్ మియా, "రాత్రికి ముందుకాళ్ళకి బందం వెయ్యి బాబూ, లేకపోతే చేలమీద పడి పోతుంది" అన్నాడు. పురుషోత్తం సంజె వెలుగులో గుర్రం కనురెప్పలు చూశాడు. పెళ్ళిచూపుల్లో కమలాక్షి రెప్పలూ అలాగే వాలాయి. అలాంటిదాన్ని మోటుతాడుతో కడతామా? కమలాక్షి పంపిన పట్టు కండువా తీసి, రెండు కాళ్ళూ కలిపి మెత్తగా కట్టాడు. తెల్లారాక విప్పుదామనుకున్నాడు.

కానీ తెల్లారకుండానే మంగళస్నానం చేయించారు. బుగ్గన చుక్క పెడుతూ మాచమ్మ చెప్పింది, "పెళ్ళికొడుకువి. గడప దాటకు, నోరు మెదపకు."

అంతే. గడప దాటలేదు, నోరు మెదపలేదు. ఉప్మా పెడితే తినలేదు. తినాలంటే మెదపాలి కదా!

ఇంతలో సోమలింగం ఆలోచించాడు. "పాపం, నడక మర్చిపోయినట్టుంది. చూపిద్దాం." పంచె ఎగ్గట్టి నాలుగు కాళ్ళమీద వాకిలంతా పాకాడు. గుర్రం ఆవులించింది.

గడప లోపల పురుషోత్తం ఆగలేకపోయాడు. రెండు పాదాలూ దగ్గరగా పెట్టి, వేలితో చూపిస్తూ గెంతాడు. మళ్ళీ గెంతాడు.

"అబ్బాయి దానికి గెంతడం నేర్పుతున్నాడే!" అంది మాచమ్మ. ఇంకేముంది, ఇంటిల్లిపాదీ కాళ్ళు దగ్గరపెట్టి గుర్రం చుట్టూ గెంతారు.

గెడ్డాలు గీయడానికొచ్చిన మంగలి అప్పలస్వామికి నవ్వాగలేదు. "దాని ముందర కాస్త గడ్డి పెట్టండి బాబూ, అదే కదుల్తుంది" అన్నాడు. పెట్టారు. మోపులకి మోపులు తెచ్చి గుర్రం మోకాళ్ళదాకా పోశారు. పెళ్ళి అలంకారమేమోనని అందరూ వదిలేసిన కండువా కాస్తా గడ్డిలో మునిగిపోయింది. నిలబడ్డచోటే విందు దొరికాక ఏ గుర్రం కదుల్తుంది?

"పోనీ పిల్లాడు బరువేమో" అన్నాడు అప్పలస్వామి వేళాకోళంగా. అంతే! మాచమ్మ వాడి వెండి మొలతాడు తీసేసింది. చొక్కా తీసేసింది. చివరికి అప్పలస్వామిని కత్తి అందుకోమంది.

"అమ్మా, జుట్టు కూడా బరువేనా?" అని ఏడ్చాడు చిదంబరం.

"బరువేరా నాన్నా. మీ నాన్నని చూడు, బట్టతల వచ్చాక ఇంట్లో కాలు నిలవట్లేదు!"

గుండు అయింది. గుర్రం కదల్లేదు. పొద్దు వాలింది. పురుషోత్తానికి కళ్ళముందు కమలాక్షి రెప్పలు మెదిలాయి. ఆ గుమ్మం తొక్కనివ్వకపోతే అవి మళ్ళీ కనిపిస్తాయా? కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"చూశారా, అప్పగింతల ఏడుపు కూడా మనవాడే ఏడుస్తున్నాడు. ఎంత ముందుచూపు!" అని మురిసిపోయాడు సోమలింగం.

అప్పలస్వామి చేతులెత్తి దండం పెట్టాడు. "గుర్రం మిమ్మల్ని తీసుకెళ్ళదు గాని, మీరే దాన్ని తీసుకుపొండి!"

"ఆఁ! ఇన్నాళ్ళకి నీకూ మా తెలివి అబ్బింది!" అన్నాడు సోమలింగం.

ఇంకేముంది, వీధిలోవాళ్ళందర్నీ పిలిచి, గడ్డితో సహా గుర్రాన్ని ఎడ్లబండి ఎక్కించారు. గుర్రమ్మీద చిదంబరాన్ని ఎక్కించారు. పెళ్ళికొడుకుని ఎత్తి పల్లకిలో కుదేశారు.

కమలాక్షి వాకిట్లో మేళం టక్కున ఆగింది. పానకం చెంబుతో ఎదురొచ్చిన నాయనమ్మకి ముందు ఎద్దులు కనిపించాయి. ఎద్దుల వెనక బండి, బండిమీద గుర్రం, గుర్రమ్మీద గుండు.

"ఇదేం రావడమయ్యా?"

"గుర్రమెక్కి రమ్మన్నారు, వచ్చాడు. గుర్రం నడిచి రావాలని మీరనలేదే!" అన్నాడు సోమలింగం.

దారంతా మేస్తూ వచ్చిన గుర్రం అప్పుడే ఆఖరి పరక నమిలింది. కాళ్ళు బయటపడ్డాయి. ముసలామె కళ్ళు చిట్లించింది. "అది మా పిల్ల పంపిన కండువా కదూ? దీని కాళ్ళకి ఎవరు కట్టారు?"

అందరూ గుర్రం వంక చూశారు. "నీకెవరు కట్టారే? చెప్పవే!" అని మాచమ్మ దాన్నే గదిమింది.

ఈ మనుషులతో లాభం లేదనుకుని నాయనమ్మ పల్లకి దగ్గరికొచ్చింది. "నువ్వు నోరు తెరువు నాయనా, పానకం పోస్తాను."

తలుపు చాటునుంచి కమలాక్షి చూస్తోంది. నోరు తెరవమన్నారు. పురుషోత్తం తెరిచాడు. పానకం లోపలికి పోకముందే పొద్దుట్నుంచీ దాచిందంతా బయటికొచ్చేసింది.

"నేనే కట్టానండీ! తాడైతే ఒరుసుకుంటుందని కండువాతో కట్టాను. ఏం చెయ్యను, ఆ గుర్రాన్ని చూస్తే అచ్చం మీ కమలాక్షిని చూసినట్టే ఉందండీ!"