కుర్చీల యాప్ ఎవరిది?

ఏలూరులో ఇంజనీరింగ్ చదువుతున్న హిమజ చురుకైన పిల్లే గానీ, ఎవరేమడిగినా కాదనలేని మొహమాటం ఆమెది. బస్సులో కిటికీ పక్క సీటు దగ్గర్నుంచి, రాత్రంతా కూర్చుని రాసుకున్న రికార్డు దాకా అడిగినవాళ్లకి ఇచ్చేసేది. "పోనీలే, మన వాళ్లేగా!" అనేది. మంచి మనసే, కాదని ఎవరంటారు?

ఆ కాలేజీలో ప్రాజెక్టుకి నలుగురేసి ఒక బ్యాచ్. చాలా బ్యాచ్‌ల్లో చాకిరీ ఒకరిది, పేర్లు నలుగురివీ. హిమజ బ్యాచ్‌లో ఆ చాకిరీ ఎవరిదో వేరే చెప్పాలా? పెళ్లిళ్లకి షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే బాబాయి అవస్థలు చూసి, బుకింగులన్నీ ఫోన్లోనే జరిగేలా ఆమె ఒక యాప్ తయారుచేసింది. మొదలు నుంచి చివరిదాకా తనే రాసింది. భేషైన పని!

ఆ ఏడాది వాళ్లని ఇంటర్న్‌షిప్‌కి పిలిచిన సాఫ్ట్‌వేర్ కంపెనీ విజయవాడలో ఒక్కటే. ఉన్న చోటు కూడా ఒక్కటే. అది దొరికితే చదువయ్యాక అక్కడే ఉద్యోగం. హిమజ ఆశలన్నీ దానిమీదే పెట్టుకుంది.

ఇంటర్వ్యూ రోజు విజయవాడలో రైలు దిగుతుండగా బ్యాచ్‌లోని యామిని ఆమె చెయ్యి పట్టుకుంది. "ఒసేయ్, మాకు చెప్పుకోడానికి వేరే ఏముందే? ఆ యాప్ మేమే చేశామని చెప్పుకుంటాం. లోపల మా పరువు తీయకు తల్లీ!" మిగతా ఇద్దరూ బతిమాలారు. హిమజకి మనసొప్పలేదు. అయినా "సరేలే" అంది.

ఇంటర్వ్యూలో ఆమె వంతు అందరికన్నా చివర వచ్చింది. కంపెనీ పెద్ద చంద్రమౌళి గారు ఆమె కాగితం చూసి నవ్వారు.

"మళ్లీ కుర్చీల యాపేనా! నీకు ముందొచ్చిన ముగ్గురూ ఎవరికి వారు తామే చేశామన్నారు. ఇంతకీ ఎవరు చేశారమ్మా?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. బయట కూర్చున్న ముగ్గురి మొహాలు గుర్తొచ్చాయి. "అందరం... కలిసే చేశాం సార్" అంది తల దించుకుని.

"సరేనమ్మా, వెళ్లిరా" అన్నారాయన. ఇంకో ప్రశ్న కూడా అడగలేదు. కాసేపటికి ఫలితం చెప్పారు. చోటు వేరే కాలేజీ కుర్రాడికి దక్కింది.

స్నేహితురాళ్లు టీ తాగడానికి వెళ్లారు. హిమజ కళ్లు తుడుచుకుంది. ఏమనుకుందో ఏమో, గబగబా వెనక్కి వెళ్లి తలుపు తట్టింది.

"సార్, ఇందాక అబద్ధం చెప్పాను. ఆ యాప్ నేనొక్కదాన్నే చేశాను."

"ఆ మాట వాళ్లూ అన్నారుగా! ఎలా నమ్మేది?"

"వాళ్లు దాని గొప్పలు చెప్పుంటారు. నేను దాని తప్పు చూపిస్తాను సార్."

తన ఫోన్లో, ఆయన ఫోన్లో యాప్ తెరిచి, ఒకే ముహూర్తానికి ఒకేసారి కుర్చీలు బుక్ చేయించింది. ఉన్న కుర్చీలనే యాప్ ఇద్దరికీ ఇచ్చేసింది! ఎందుకలా జరుగుతోందో, సరిచేయడానికి తను ఏమేం ప్రయత్నిస్తోందో గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

చంద్రమౌళి గారు లేచి నిలబడ్డారు. "ఎంత పని చేశావమ్మా! ఇందాకే చెప్పి ఉంటే నిన్ను వదులుకునేవాణ్ణా? ఇప్పుడా అబ్బాయికి మాటిచ్చేశాను."

"అతని చోటు నాకొద్దు సార్. తను చేసింది తను చెప్పుకున్నాడు. నేనే చెప్పుకోలేదు" అంది హిమజ. ఈసారి తల దించలేదు. శభాష్ అనాలనిపించదూ! ఆయన వాకిలి దాకా వచ్చి సాగనంపారు. చోటు మాత్రం పోయింది.

"ఎక్కడికెళ్లావే?" అంది యామిని బయట.

"నిజం చెప్పొచ్చాను. ఇకమీదట అడిగితే సాయం చేస్తాను. నా పని మాత్రం నాదనే చెబుతాను" అంది హిమజ.

పదిమందికీ సాయపడటం మంచితనమే. కానీ మొహమాటానికి పోయి మన కష్టాన్ని మనదని సమయానికి చెప్పుకోకపోతే, నష్టపోయేది మనమే.